ఆటల పేర్లు – ఆటల తండ్రులు

ఇంగ్లండులోని గిల్‌ఫర్డ్ పట్టణంలో ఒక జాగా ఎవరికి చెందుతుందన్న వ్యాజ్యం 1598లో విచారణకు వచ్చింది. జాన్ డెరిక్ అనే 59 ఏళ్ళ మనిషి సాక్ష్యం చెప్పాడు. తాను ఆ ఊరి బళ్ళో చదువుకునే రోజుల్లో తోటి పిల్లలతో కలిసి ఆ జాగాలో క్రికెట్టూ మరికొన్ని ఆటలూ ఆడేవాణ్ణని ఆయన చెప్పిన మాట. లెక్కవేస్తే 1550 ప్రాంతానికి వెళుతుంది. క్రికెట్ అన్న పేరు స్పష్టంగా కనబడే తొట్టతొలి కాగితం ఇదే. ఆ ఆటను ఎవరు కనిపెట్టారో చెప్పడానికి డెరిక్ కోర్టుకు రాలేదు. అలాంటి ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు కూడా. తగాదా నేల గురించి. ఆ నేలను పిల్లలు ఆటకు వాడుకునేవారన్నది సాక్ష్యం.

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో ఆటల ప్రసక్తి ఏమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మాటలు మన పనిముట్లు కనుక ఏ మాట చరిత్ర అయినా మనకు పనికివస్తుందన్నది ఒక జవాబు. అంతకంటె గట్టి కారణం మరొకటి ఉంది. ప్రతి కళారూపానికీ ఒక మూలపురుషుణ్ణి వెతకడం మన సాహిత్య చరిత్రకారులకు బాగా అలవాటైన పని. తొలి నవల ఏది, తొలి కథ ఎవరిది, ఆద్యుడు ఎవరు అనే వాదాలతో ఎన్ని సంచికలు నిండాయో పాఠకులకు తెలియంది కాదు. అనేకులు తరతరాలుగా చేసిన పనికి ఒక తండ్రిని అంటగట్టే ఈ అలవాటు ఎలా పనిచేస్తుందో, ఎవరికి ఉపయోగపడుతుందో చూడాలంటే ఆటల చరిత్ర చాలా అనువైన చోటు. అక్కడ తేదీలూ చట్టాలూ కమిటీ నివేదికలూ దొరుకుతాయి. వాటిని వరసగా చూస్తూ పోతే ఒక సంగతి తేలుతుంది: ఆట ఎవరి సొత్తన్న తగాదా ముదిరినప్పుడే ఆ ఆటకు ఒక తండ్రి పుట్టుకొస్తాడు.

ఫుట్‌బాల్‌తో మొదలుపెడదాం. తెలుగులో కూడా అది ఫుట్‌బాలే. పాదకందుకం లాంటి మాట ఏ పుస్తకంలోనైనా కనబడవచ్చు గాని, మైదానంలో ఎవరి నోటా పలకలేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆ కందుకంతో పని పడలేదు. ఆట ఆడినవాళ్ళు ఏ పేరుతో పిలుచుకుంటారో అదే భాషలో నిలుస్తుంది.

ఈ ఆట గురించి ప్రభుత్వ కాగితాల్లో మొదట దొరికేవన్నీ నిషేధాలే. పెద్ద బంతులతో తోపులాడుకుంటూ నగరంలో రభస చేస్తున్నారని 1314లో రెండవ ఎడ్వర్డు పేర లండన్ మేయరు ఈ ఆటను నిషేధించాడు. 1424లో స్కాట్లండు పార్లమెంటు ఫుట్‌బాల్ అన్న పేరుపెట్టి మరీ, ఆడినవాడికి 4 పెన్నీల జరిమానా అని చట్టం చేసింది. జనం విలువిద్య మానేసి బంతి వెంట పడుతున్నారన్నది రాజుల పెద్ద బాధ. యుద్ధానికి విలుకాళ్ళు కావాలి గదా! (ఎనిమిదవ హెన్రీ మాత్రం 1526లో తన కోసం ఫుట్‌బాల్ ఆడే బూట్లు కుట్టించుకున్నట్టు రాజాంతఃపుర ఖాతాల్లో పద్దు ఉంది.) షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకంలో కెంట్ ప్రభువు ఒక నౌకరును కాలడ్డుపెట్టి పడదోస్తూ తిట్టే తిట్టు, వాణ్ణి ఫుట్‌బాల్ ఆడేవాడనడం. ఆనాటి ప్రేక్షకులకు ఆ మాటలోని హీనార్థం విడమర్చి చెప్పనక్కర్లేదు. ఈనాటి విద్యార్థికి మాత్రం చెప్పాలి. ఒక మాట కులీనత ఎలా మారుతుందో అక్కడ పట్టుకోవచ్చు.

ఆ పాత ఆటకు జట్టుకు ఇంతమంది అన్న లెక్క లేదు, గీతలు లేవు, అంపైరు లేడు. ఒక పేట మొత్తం మరొక పేట మీద, ఒక ఊరు మరొక ఊరి మీద వీధుల్లో, పొలాల్లో, వాగుల్లో పడి ఆడేవారు. దాన్ని చంపింది రాజుల శాసనాలు కావు, భూమి చేతులు మారడం. పద్దెనిమిదో శతాబ్ది నడుమ నుంచి పార్లమెంటు వేల సంఖ్యలో చట్టాలు చేసి ఊరుమ్మడి బీళ్ళకు కంచెలు వేయించి భూస్వాముల పరం చేసింది. 1835 నాటి రహదారుల చట్టం బాటల మీద ఫుట్‌బాల్ ఆడటాన్ని నేరం చేసింది. డార్బీ పట్టణంలో ఏటా జరిగే ఊరాటను 1846లో సైన్యాన్ని దించి ఆపారు. బీళ్ళు పోయాయి, వీధులు పోయాయి. మిల్లులో పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనిషికి ఆడుకోవడానికి పూట కూడా పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆట మరో చోట బతికింది. ఈటన్, హారో, రగ్బీ, వించెస్టర్ వంటి సంపన్నుల బడుల్లో. పేరుకు అవి పబ్లిక్ స్కూళ్ళు. పబ్లిక్‌కు అందులో చోటు లేదు. (పేర్ల గురించి మాట్లాడుకుంటున్నాం కనుక దీన్నీ గుర్తుపెట్టుకోవాలి.) ఒక్కొక్క బడికి దాని ఆవరణను బట్టి ఒక్కొక్క పద్ధతి. రగ్బీ బడిలో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తనిస్తారు; అక్కడి విద్యార్థులు 1845లో తమ నిబంధనలను కాగితం మీద పెట్టారు. ఈ బడుల కుర్రాళ్ళు విశ్వవిద్యాలయాల్లో కలుసుకున్నప్పుడు ఎవరి పద్ధతి ప్రకారం ఆడాలన్న సమస్య వచ్చింది. 1863 అక్టోబరు 26న లండన్‌లో ఫ్రీమేసన్స్ టావెర్న్ అనే చోట కొన్ని క్లబ్బులవాళ్ళు కూడి ఫుట్‌బాల్ అసోసియేషన్ స్థాపించారు. కార్యదర్శి ఎబనేజర్ మోర్లీ వృత్తికి న్యాయవాది. బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చా, ఎదుటివాడి మోకాలి కింద ఎముక మీద తన్నవచ్చా అన్న రెండు అంశాల మీద తగువు వచ్చి బ్లాక్‌హీత్ క్లబ్బు బయటికి నడిచింది. తన్నడం తీసేస్తే ఆటలో పౌరుషమే పోతుందన్నది వారి వాదన. చిత్రమేమంటే 1871లో వాళ్ళ పక్షం వారే రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నప్పుడు తన్నడాన్ని వాళ్ళే రద్దు చేసుకున్నారు.

ఇక రెండు ఫుట్‌బాళ్ళు. ఒకటి అసోసియేషన్ ఫుట్‌బాల్, మరొకటి రగ్బీ ఫుట్‌బాల్. మొదటి దాని పేరు ఒక కమిటీ నుంచి, రెండో దాని పేరు ఒక బడి నుంచి వచ్చాయి. శతాబ్దాలు ఆడిన ఊళ్ళ పేరు ఏ ఒక్కదానిలోనూ లేదు. ఇక్కడే సాకర్ పుట్టింది. 1880ల్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులకు ఏ మాటనైనా కత్తిరించి చివర ‘అర్’ చేర్చి మురిపెంగా పలికే అలవాటు ఉండేది. రగ్బీ వాళ్ళ నోట రగ్గర్ అయింది. అసోసియేషన్‌లోంచి ‘సాక్’ అనే ముక్క తుంచి సాకర్ అన్నారు. ధనికుల బిడ్డల ముద్దుమాట అది. ఆ మాట ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం చాలా భాగం నిక్షేపంగా వాడుకలో ఉంది. అమెరికాలో రగ్బీ నుంచి వేరుపడి పెరిగిన మరో ఆట ఫుట్‌బాల్ అన్న పేరును సొంతం చేసుకోవడంతో, అసలు ఫుట్‌బాల్‌కు అక్కడ సాకర్ అనే పేరే దిక్కయింది. అక్కడి సంఘం 1913లో ఫుట్‌బాల్ అసోసియేషన్‌గా పుట్టి, 1945లో సాకర్ అన్న మాటను పక్కన చేర్చుకుని, 1974లో ఫుట్‌బాల్‌ను పూర్తిగా వదిలేసింది. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళకు సాకర్ అన్న మాట వింటేనే ఒళ్ళు మండటం మొదలైంది. అది అమెరికన్ల మోటుమాట అన్నారు. తాతల ఆక్స్‌ఫర్డ్ ముద్దుమాట మనవలకు పరాయి బూతయింది! నిఘంటువులో అర్థం చూసుకుని సంతృప్తిపడేవారికి ఈ చరిత్ర దొరకదు.

బడుల నుంచి ఆట తిరిగి కార్మికుల దగ్గరికి ఎలా వచ్చిందన్నది ఇందులో ఉత్సాహకరమైన ఘట్టం. 1850 నాటి ఫాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో స్త్రీలకూ పిల్లలకూ శనివారం మధ్యాహ్నం 2 గంటలకల్లా పని ఆగిపోవాలన్నది. వాళ్ళు లేకపోతే మగవాళ్ళ పనీ సాగదు కనుక క్రమంగా శనివారం సగంరోజు సెలవు స్థిరపడింది. పోరాడి సంపాదించుకున్న ఆ పూటలోకే ఫుట్‌బాల్ వచ్చి కూచుంది. ఇంగ్లండులో మ్యాచ్ అంటే శనివారం 3 గంటలకని ఆనవాయితీ అయిందంటే దాని మూలం మిల్లు గంటలో ఉంది. 1883లో అసోసియేషన్ కప్పు తుదిపోటీలో ఈటన్ బడి పాతవిద్యార్థుల జట్టును బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు 2–1తో ఓడించింది. గెలిచినవాళ్ళలో బట్టల మిల్లు కార్మికులున్నారు, ఇనుప ఫౌండ్రీలో పనిచేసేవారున్నారు. అంతవరకు ఆ కప్పు పెద్దింటివారి జట్లను దాటి పోలేదు. ఆ తర్వాత వారికి మళ్ళీ దక్కలేదు. 1885లో ఆటగాళ్ళకు డబ్బివ్వడాన్ని అసోసియేషన్ ఒప్పుకోక తప్పలేదు.

రగ్బీ పెద్దలు మాత్రం ఒప్పుకోలేదు. యార్క్‌షైర్, లాంకషైర్ జిల్లాల్లో గని కార్మికులూ మిల్లు కార్మికులూ రగ్బీ బాగా ఆడేవారు. మ్యాచ్ కోసం షిఫ్టు మానుకుంటే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి మేరకు పరిహారం ఇవ్వండని ఉత్తరాది క్లబ్బులు 1893లో తీర్మానం పెట్టాయి. లండన్‌లో దాన్ని ఓడించారు. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందన్నది పెద్దల సిద్ధాంతం. కూలి మీద బతకనక్కర్లేని వాడికి ఈ సిద్ధాంతం ఎంత సులువో చెప్పాలా? 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఇరవైకి పైగా క్లబ్బులు చేరి నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. పోయిన పనిపూటకు రోజుకు 6 షిల్లింగుల వరకు ఇవ్వవచ్చన్నాయి. ఆ సంస్థే 1922లో రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు మార్చుకుంది. ఈనాటికీ రగ్బీ యూనియన్, రగ్బీ లీగ్ అని రెండు ఆటలు. ఒక దాంట్లో జట్టుకు 15 మంది, మరొక దాంట్లో 13 మంది. యూనియన్, లీగ్ అనే ఆ తోక మాటలు చూడటానికి నిస్సారంగా ఉంటాయి. వాటి వెనక ఉన్నది 6 షిల్లింగుల కూలి తగాదా.

ఇప్పుడు తండ్రి ప్రవేశిస్తాడు. రగ్బీ బడిలో 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రవాడు ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ నిబంధనలను లెక్కచేయకుండా బంతిని చేతుల్లోకి తీసుకుని పరుగెత్తాడనీ, ఆ క్షణాన రగ్బీ పుట్టిందనీ ఒక కథ. ఆ బడి ఆవరణలో దీన్ని ఒక రాతిఫలకం మీద చెక్కించారు. 1987 నుంచి రగ్బీ యూనియన్ ప్రపంచకప్పుకు ఆయన పేరే. కథకు ఆధారం ఏమిటి? మాథ్యూ బ్లాక్సమ్ అనే పాతవిద్యార్థి 1876లో ఒక పత్రికకు రాసిన లేఖ. సంఘటనకు 50 ఏళ్ళు దాటాక, వెబ్ ఎల్లిస్ 1872లో మతాచార్యుడుగా కన్నుమూసిన నాలుగేళ్ళకు రాసిన లేఖ. బ్లాక్సమ్ బడి వదిలింది 1820లో. కనుక ఆయన కళ్ళతో చూసింది లేదు. పాతవిద్యార్థుల సంఘం విచారణ కమిటీ వేసింది. కమిటీకి ప్రత్యక్షసాక్షి ఒక్కరూ దొరకలేదు. ఆ బడి జీవితాన్నే నవలగా రాసిన థామస్ హ్యూస్, ఆ బళ్ళో తాను చదివిన 1830ల్లో ఈ కథ అక్కడ లేదని కమిటీకి తెలియజేశాడు. అయినా 1897లో నివేదిక వచ్చింది, 1900లో ఫలకం వెలిసింది. కమిటీ వేసిన సంవత్సరం ఏది? 1895. హడర్స్‌ఫీల్డ్‌లో కార్మికుల క్లబ్బులు విడిపోయిన సంవత్సరం. ఉత్తరాది గనుల్లో, మిల్లుల్లో ఆటకు కొత్త వారసులు తయారైనప్పుడు, ఇది మా బళ్ళో మా కుర్రవాడు పుట్టించినదని చెప్పుకోవలసిన అగత్యం ఎవరికి కలిగిందో ఆలోచించాలి. కమిటీ సభ్యులు కావాలని అబద్ధమాడారని నేననను. నమ్మడం వారికి అవసరమైంది, నమ్మారు. డబ్బుతో మైలపడకూడదన్న ఆ యూనియన్ సరిగ్గా 100 ఏళ్ళ తర్వాత, 1995లో, ఆటగాళ్ళకు డబ్బిచ్చే పద్ధతికి తలుపులు తెరిచిందని కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

ఇది ఒక్కచోట జరిగిన కాకతాళీయమైతే ఇంత పట్టించుకోనక్కర్లేదు. అమెరికాలో బేస్‌బాల్‌కు ఏం జరిగిందో చూడండి. ఇంగ్లండు పిల్లలాడే రౌండర్స్ అనే ఆట నుంచే బేస్‌బాల్ వచ్చిందని, ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆటల విలేఖరి హెన్రీ చాడ్విక్ రాస్తూ వచ్చాడు. ఆటసామాను వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్‌కు అది మింగుడుపడలేదు. అమెరికా జాతీయక్రీడ అమెరికా మట్టిలోనే పుట్టి ఉండాలని ఆయన పట్టు. ఆయన పూనికతో 1905లో మిల్స్ అనే పెద్దమనిషి అధ్యక్షతన కమిషన్ ఏర్పడింది. డెన్వర్ నుంచి ఆబ్నర్ గ్రేవ్స్ అనే గనుల ఇంజనీరు లేఖ రాశాడు: 1839లో కూపర్స్‌టౌన్ గ్రామంలో ఆబ్నర్ డబుల్‌డే ఈ ఆటను రూపొందించగా తాను చూశానని. 1839లో గ్రేవ్స్ వయసు 5 ఏళ్ళు. డబుల్‌డే ఆ ఏడు వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయంలో ఉన్నాడు. అంతర్యుద్ధంలో పేరు పొందిన ఆ సేనాని 1893లో చనిపోయేదాకా తాను బేస్‌బాల్ కనిపెట్టానని ఒక్క ముక్క రాయలేదు. కమిషన్‌కు అవేవీ అడ్డు రాలేదు. దేశాన్ని నిలబెట్టిన యుద్ధవీరుడు దేశపు ఆటకూ తండ్రి కావడం చాలా ముచ్చటగా ఉంటుంది గదా! 1907 చివర తీర్పు చెప్పారు, 1939లో అదే ఊళ్ళో ఆ ఆటకు కీర్తిమందిరం తెరిచారు.

ఇక్కడ సాహిత్య విద్యార్థి నవ్వుకోవలసిన విషయం ఒకటుంది. జాన్ న్యూబరీ 1744లో లండన్‌లో అచ్చువేసిన పిల్లల పుస్తకంలో బేస్‌బాల్ అన్న పేరు ఉంది. జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ ఆబీ’ నవల మొదట్లోనే కథానాయిక చిన్నతనంలో ఇష్టపడిన ఆటల్లో అది ఒకటి. ఆ నవల అచ్చయింది 1817 చివర. అప్పటికి డబుల్‌డే పుట్టలేదు. ఆయన పుట్టింది 1819లో. కమిషన్ సభ్యులు నవలలు చదివి ఉంటే ఖర్చు కలిసివచ్చేది.

ఒకే ఒక్క మనిషి కనిపెట్టిన ఆట అసలు లేదా అంటే, ఉంది. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని క్రైస్తవ యువజన శిక్షణ పాఠశాలలో జేమ్స్ నెయిస్మిత్ అనే కెనడా దేశస్థుడు, చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడటానికి 13 నిబంధనలతో ఒక ఆట తయారుచేసి, పీచ్ పండ్ల బుట్టలు రెండు గోడకు కొట్టించాడు. నిబంధనల కాగితం ఉంది, ఆడిన విద్యార్థులున్నారు, తేదీ ఉంది. రుజువంటే అలా ఉంటుంది. దానికి ఆయన పేరే పెడదామని ఒక విద్యార్థి అంటే ఆయన నవ్వేసి వద్దన్నాడట. బుట్ట ఉంది, బంతి ఉంది, బాస్కెట్‌బాల్ అని పేరు. నాలుగేళ్ళకు, 1895లో, దగ్గర్లోని హోలియోక్‌లో విలియం మోర్గన్ మరో ఆట చేసి మింటొనెట్ అని సొగసైన పేరు పెట్టాడు. చూసినవాళ్ళలో ఒకాయన, బంతి నేలను తాకకుండానే అటూ ఇటూ కొడుతున్నారు కనుక వాలీబాల్ అనండన్నాడు. మోర్గన్ ఒప్పుకున్నాడు. నిజంగా తండ్రులైన ఇద్దరూ పేరు కోసం పట్టుబట్టలేదు.

వలస దేశాల సంగతికి వద్దాం. పోలో అన్న మాట బాల్టిస్తాన్‌లో మాట్లాడే బాల్టీ భాషది. అక్కడ ‘పులు’ అంటే బంతి. అయితే ఇంగ్లీషువాళ్ళు ఆ ఆటను నేర్చుకుంది బాల్టీల దగ్గర కాదు, మణిపురీల దగ్గర. మణిపురీలు తమ ఆటను సగోల్ కాంగ్జై అంటారు. సగోల్ అంటే గుర్రం. అస్సాంలోని సిల్చార్‌లో వారు ఆడుతుంటే చూసి సైనికాధికారులూ తేయాకు తోటల దొరలూ 1859లో క్లబ్బు పెట్టుకున్నారు. ఆట ఒక జాతి నుంచి, పేరు మరొక జాతి నుంచి, క్లబ్బు మాత్రం దొరలది. తోటకు కావలసినంతవరకే మొక్కలు తెచ్చుకున్నట్టు.

క్రికెట్ మన దేశానికి వచ్చినప్పుడు దానితోపాటు వచ్చినవి జట్ల పేర్లు. బొంబాయిలో 1892 నుంచి యూరోపియన్లకూ పార్సీలకూ ఏటా పోటీ. 1907లో హిందువుల జట్టు, 1912లో ముస్లిముల జట్టు చేరాయి. 1937లో ఐదో జట్టు వచ్చింది. దాని పేరు ‘ది రెస్ట్’. అంటే మిగిలినవాళ్ళు. క్రైస్తవులు, యూదులు, ఆంగ్లో ఇండియన్లు అందరూ ‘మిగిలినవాళ్ళే’. 1943లో హిందువుల జట్టు మీద ఆ మిగిలినవాళ్ళ పక్షాన విజయ్ హజారే ఒక్కడే 309 పరుగులు చేశాడు. మొత్తం జట్టు చేసినవి 387. గాంధీజీ 1940లోనే ఈ మతాల పోటీని నిరసించాడు. అది ఆగింది మాత్రం 1946లో.

ఇక హిందువులన్న పేరు కింద ఏముంది? పాల్వంకర్ బాలూ దళితుడు. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో మైదానం చూసుకునే పనివాడుగా ఉంటూ బౌలింగు నేర్చుకున్నాడు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టులో 100కు పైగా వికెట్లు తీశాడు. అంతటివాడికి టీ విరామంలో వేరే మట్టి ముంత. హిందువుల జట్టుకు నాయకత్వం ఆయనకు ఎన్నడూ ఇవ్వలేదు. ఎంతో గొడవ జరిగాక 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. జట్టుకు మతం పేరు పెట్టడం ఎంత తేలికో, ఆ పేరు లోపల అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఈ అన్నదమ్ముల చరిత్ర చెబుతుంది.

ఇంగ్లండులో కులం లేదంటారు. 1806 నుంచి 1962 దాకా అక్కడ జెంటిల్మెన్‌కూ ప్లేయర్లకూ పోటీ జరిగేది. డబ్బు తీసుకోకుండా ఆడేవాడు పెద్దమనిషి, తీసుకునేవాడు ఉత్త ఆటగాడు. లార్డ్స్ మైదానంలో ఇద్దరికీ వేరు వేరు గదులు, వేరు వేరు గేట్లు. స్కోరు కాగితంలో పెద్దమనిషికి పొడి అక్షరాలు పేరుకు ముందు, ఆటగాడికి పేరు తర్వాత. 1950లో ఫ్రెడ్ టిట్మస్ అనే కుర్ర ఆటగాడికి పొడి అక్షరాలు పొరపాటున ముందు అచ్చయితే, మైకులో సవరణ ప్రకటించారు. ఈ లెక్కన ఇంటిపేరు పొడి అక్షరాన్ని ముందు పెట్టుకునే తెలుగువాళ్ళందరం పుట్టుకతోనే జెంటిల్మెన్ అయిపోతాం. 1932లో లార్డ్స్‌లో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన నాగపూరు తెలుగువాడు సి.కె. నాయుడుతో సహా!

ఇంతవరకు పరాయివాళ్ళ తండ్రుల్ని ఎగతాళి చేశాం. మన ఇంటి సంగతీ చూడాలి. కర్రాబిళ్ళ, బిళ్ళంగోడు, చిర్రగోనె అని ప్రాంతానికో పేరుతో మనవాళ్ళు ఆడే ఆటే క్రికెట్‌కు తల్లి అని రాసేవారున్నారు. కర్రతో ఏదో ఒకదాన్ని కొట్టే ఆట పిల్లలున్న ప్రతిచోటా ఉంటుంది. పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక నిర్ణయం కాదు. అంతకంటె ప్రచారంలో ఉన్నది కబడ్డీ కథ. పద్మవ్యూహంలో అభిమన్యుణ్ణి ఏడుగురు చుట్టుముట్టారట; కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి ఏడుగురు చుట్టుముడతారు కనుక ఆట మహాభారత కాలానిదట. జట్టుకు 7 మంది అన్న సంఖ్య ఇరవయ్యో శతాబ్దపు నిబంధనల పుస్తకం పెట్టినది. సంజీవని, గామిని, అమర్ అని పాత పద్ధతులు మూడున్నాయి. వాటిలో 9 మందితో ఆడేదీ ఉంది. పుస్తకంలోని 7ను తీసుకెళ్ళి వ్యాసుడి చేత ఒప్పించడం, ఐదేళ్ళ గ్రేవ్స్ చేత సాక్ష్యం చెప్పించడం కంటె ఏ విధంగా మెరుగు? పైగా ఒంటరిగా చిక్కిన పిల్లవాణ్ణి నలుగురూ కూడి చంపిన ఘట్టాన్ని ఆటగా చదవడానికి గట్టి గుండె కావాలి.

అసలు ఆ ఆటకు ఉన్న పేర్లే చాలా చెబుతాయి. మనకు చెడుగుడు, తమిళులకు సడుగుడు, మహారాష్ట్రులకు హుతుతు, బెంగాలీలకు హాడుడు. ఇవి ఏ బడి పేరూ కావు, ఏ ప్రభువు భవనం పేరూ కావు. ఆటగాడు గీత దాటి వెళ్ళి ఊపిరి బిగబట్టి ఆపకుండా పలికే కూతే ఆట పేరయింది. ఊపిరి ఆగిపోతే ఆట పోయినట్టే. అందుకని గొంతుకు తేలికగా తిరిగే శబ్దం ఏ భాషవాళ్ళు ఆ భాషలో ఎన్నుకున్నారు. దీన్ని ఎవరో ఒకరు కనిపెట్టారనడానికి చోటే లేదు.

ఈ ఆటకు ఒకే నిబంధనావళి కూర్చే పని మహారాష్ట్ర, బరోడా వ్యాయామశాలల్లో సాగింది. 1923లో బరోడాలో పోటీ జరిపారు. 1936 బెర్లిన్ ఒలింపిక్సు సందర్భంగా అమరావతి హనుమాన్ వ్యాయామశాల వారు అక్కడ ఆడి చూపించారు. 1950లో అఖిల భారత సంఘం ఏర్పడింది. 1972లో బంగ్లాదేశ్ తమ హాడుడుకు కబడ్డీ అని పేరు మార్చి జాతీయక్రీడ చేసుకుంది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో చోటు దొరికింది. 2014లో టెలివిజన్ కోసం వ్యాపార లీగు వచ్చింది. అందులో మన జట్టు పేరు తెలుగు టైటాన్స్, గ్రీకు పురాణంలోని రాక్షసజాతి పేరు. దీన్నంతా నష్టమని తోసెయ్యడం సరికాదు. ఉమ్మడి నియమాలు లేకపోతే విజయనగరం పిల్ల హర్యానా పిల్లతో ఆడలేదు. పల్లెటూళ్ళలో బూట్లు కొనలేని ఇళ్ళ పిల్లలకు ఈ ఆట వల్ల ఉద్యోగాలు వచ్చాయి.

పేరు మీద హక్కు ఎవరిదన్న పేచీ మాత్రం తీరలేదు. కలకత్తాలో 1889లో పుట్టి, 1911లో బూట్లు లేని కాళ్ళతో తెల్ల సైనికుల జట్టును ఓడించి షీల్డు గెలిచిన మోహన్ బగాన్ క్లబ్బు ఫుట్‌బాల్ విభాగం 2020లో ఒక కంపెనీ జట్టుతో కలిసిపోయి, పేరుకు ముందు ఆ జట్టు మూడు అక్షరాలు మోయవలసి వచ్చింది. అభిమానులు ఆ అక్షరాలు తీసెయ్యమని మూడేళ్ళు ఆందోళన చేశారు. 2023లో తీసేశారు; వాటి బదులు వెనక సూపర్ జెయింట్ అనే మాట వచ్చి చేరింది.

చెడుగుడు విషయంలో అలాంటి ఆందోళన ఏదీ జరగలేదు. ఈనాటి నిబంధనల ప్రకారం కూతకు వెళ్ళేవాడికి 30 సెకన్ల గడియారం ఉంది. ఆమోదించిన కూత ఒక్కటే, కబడ్డీ అన్న మాట. మన ఊళ్ళలో తాతలు పలికిన కూతను పలుకుతూ ఒక కుర్రవాడు గీత దాటితే అంపైరు వాణ్ణి వెనక్కి పిలిచి, ఎదుటి జట్టుకు ఒక పాయింటు ఇస్తాడు.